తోలు మీద మెరిసిన ఉలి

నల్లగొండలో మా దుకాణం ముందుగదిలో ఆ ఆదివారం పొద్దున ఉన్నవాళ్లం, ఉన్నవి: నాయిన, నేను, కేతేపల్లి నుంచి వచ్చిన ఒక అవ్వ, లక్క కర్రకు బిగించిన బంగారు ఉంగరం, అందులో సగం పొదిగిన పచ్చరాయి, రాయి చుట్టూ బంగారం అంచు కోసే సన్న ఉలి, పాత బెల్టు తోలు, మెరుగు ముద్ద, పగిలిన అద్దం ముక్క.

ఆ పచ్చ అవ్వ తల్లిది. పాత ఉంగరం అరిగిపోయి కొత్తదాంట్లోకి మారుస్తున్నాం. రాయి తెచ్చినవాళ్లు పని అయ్యేదాకా ఎదురుగానే కూర్చుంటారు, రాయి మారలేదని కళ్లారా చూసుకోవడానికి. అందుకే నాయిన చేతిలో ఉలి జారడం ముగ్గురం చూశాం.

రాయికి తగల్లేదు. దాని పక్కనే బంగారం మీద గీత పడింది. పచ్చ పెళుసు, మొన తాకితే చిట్లుతుంది.

"ఏంది బిడ్డా, చెయ్యి వణుకుతాందా?"

"చెయ్యి గాదవ్వా, ఉలి," అన్నాడు నాయిన.

ఉలి తళతళలాడుతోంది. బొటనవేలి గోటి మీద ఆనించి చూశాను. పదునుంటే గోటిని పట్టాలి, ఇది జారిపోయింది. నాయిన ఉలికి పదును పెట్టేది మెరుగు ముద్ద రాసిన బెల్టు తోలు మీద. తోలు మెత్తన. నాలుగుసార్లు రుద్దితే మెరుపు వస్తుంది, ఎక్కువసేపు రుద్దితే అంచు గుండ్రమవుతుంది. పచ్చ మీది భయంతో నాయిన ఆ రోజు చాలాసేపు రుద్దాడు.

"అద్దం మీద నూరుదాం నాయినా."

"గిరాకి ముందట నాకు నేర్పకు."

"నేర్పనియ్యి," అంది అవ్వ. "రాయి పలిగినంక కొట్లాడుకుంటరా ఇద్దరు?"

మర్నాటికి వాయిదా వేసే వీలు లేదు. రాయి ఒకవైపే పట్టుకుని ఉంది, బస్సు కుదుపుకు ఊడొచ్చు. ఆమె దాన్ని మా దగ్గర వదిలి వెళ్లదు.

బాగా నున్నటి ఎమరీ కాగితాన్ని తడిపి అద్దానికి అంటించాను. తడి ఉంటే చాలు, జిగురు అక్కర్లేదు. కోణం మారకుండా ఉలిని చిన్న చెక్కదిమ్మెకు ఆనించి రుద్దాను. తర్వాత మెరుగు ముద్దను ఈసారి గట్టి టేకుముక్కకు రాసి, ఉలిని వెనక్కి మాత్రమే లాగాను. ముందుకు తోస్తే మొన చెక్కలో దిగబడుతుంది.

గోటి మీద పెట్టాను. పట్టింది.

నాయిన ఉలి తీసుకుని తన గోటి మీద మళ్లీ చూసుకున్నాడు. లక్క కర్ర అందుకుని ఉంగరం మీదికి వంగాడు. నేను ఫోన్ లైటు పట్టాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొదటి కోతకు బంగారం సన్నటి చుట్టలా లేచింది.

"ఊపిరి పీల్చుకో అవ్వా," అన్నాడు నాయిన, తల ఎత్తకుండా.

"ముందు నువ్వు పీల్చుకో."

పని అయ్యాక లక్క వేడిచేసి ఉంగరం విడదీశాం. అవ్వ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. రాయి కదిలిన చప్పుడు లేదు. వేలికి తొడుక్కుని లేచింది.

అద్దం మీద నూరాక అంచు చుట్టూ పడ్డ కోతలు ఇరవై మూడు, ఒక్కటీ జారలేదు.