దిక్సూచి కింద దేవుడు

చిల్పూర్ సంజయ్ సార్ మా ఫ్లయింగ్ స్కూల్లో పదేళ్లుగా పాఠాలు చెబుతున్నాడు. "ఒక్క యంత్రాన్ని నమ్మొద్దు, ఇంకోదాన్ని అడగాలె" అన్నది ఆయన మొదటి పాఠం, చివరి పాఠం కూడా. అందుకే కొత్త చిన్న విమానం రాగానే దిక్సూచికి తోడు రెండు జీపీఎస్‌లు ఏరికోరి పెట్టించాడు.

ఇక మెకానిక్‌నైన నా ప్రాణం తోడేశాడు. తూర్పు వైపు రన్‌వే మీద విమానం కదలగానే జీపీఎస్‌లు రెండూ తొంభై డిగ్రీలు అనేవి, దిక్సూచి మాత్రం నూట పది అనేది. "నరేందర్, అసలు నీకు పనొచ్చా?" అని అందరి ముందూ అరిచాడు. దిక్సూచి మార్చాను. కొత్తదీ నూట పదే. వైర్లన్నీ విప్పి చూశాను. నూట పదే! గూడూరు దగ్గర మా తండాలో మా నాయిన మొండి ఎద్దును కూడా ఇన్ని తిట్లు తిట్టలేదు.

నాలుగో రోజు విమానాన్ని రన్‌వే మీద నిలిపాక, దిక్సూచి అంకెలకు అడ్డంగా ఉందని, సార్ శిష్యురాలు అక్షిత దాని కింద అంటించి ఉన్న చిన్న దేవుడి బొమ్మను, సార్ కొలిచే బుగులు వెంకన్నను, పట్టి లాగింది. అది టక్కున ఊడింది. దిక్సూచి మెల్లగా తిరిగి తొంభై దగ్గర ఆగింది. బొమ్మ అడుగున అయస్కాంతం ఉంది. కొత్త బండికి చేసినట్టే పూజ చేసి, దాన్ని అక్కడ అంటించింది సారే.

"అన్నీ చెక్ చేసినం గద సార్, దేవుణ్ని ఎవలు చెక్ చేసిండ్రు?" అంది అక్షిత.

సార్ బొమ్మను కళ్లకద్దుకుని నా వైపు తిరిగాడు.

"గిది ముందుగాల్నే చెప్పాలె గద, నరేందర్!"