కుడి డబ్బాలో అమ్మ గొంతు

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తినగానే నాన్న టేపు పెట్టేవాడు. పెట్టిన మరుక్షణం ఒక కేక... "ఆడోళ్లు పాడుతలేరు! జెర ఆ ఎర్ర వైరు పట్టుకో బిడ్డా!"

అర్థం కాలేదు కదా? చెబుతాను. బీదర్ దగ్గర జనవాడలో మా చర్చిలో మగవాళ్లు ఎడమ పక్క, ఆడవాళ్లు కుడి పక్క కూర్చునేవాళ్లు. నాన్న పాటలు రికార్డు చేసినప్పుడు పక్కకో మైకు పెట్టాడు. అందుకే మా స్టీరియోలో ఎడమ స్పీకరు డబ్బాలో మగవాళ్లు, కుడి డబ్బాలో ఆడవాళ్లు పాడేవాళ్లు. టేపు నుంచి ఆంప్లిఫయరుకు పోయే జంట వైరులో తెల్లది ఎడమకు, ఎర్రది కుడికి. ఆ ఎర్ర పిన్ను ఎప్పుడూ వదులే! అది కదిలిందంటే మా అమ్మతో సహా ఆడవాళ్లంతా గప్‌చుప్. పాట అయ్యేదాకా నేను దాన్ని నొక్కి పట్టుకుని కూర్చోవాలి... ఆటా లేదు, పాడూ లేదు.

అమ్మేమో వంటింట్లోంచి దెప్పేది. "పాడిన మనిషి ఈడ్నే ఉంటే ఆ డబ్బల ఏం ఇంటవయ్యా!"

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. "ఆదివారం ఏడాది ప్రార్థన కూడికల మీ అమ్మ పాట ఇనాలె. ఫోన్ల గాదు, మన డబ్బాల్నే" అన్నాడు నాన్న. పాత వైరు ఎప్పుడో తెగిపోయింది. వైరే కదా, ఎంతసేపు అనుకున్నాను. నా ఖర్మ!

ఆన్‌లైన్‌లో చూస్తే... బంగారు పూత అట, ఆక్సిజన్ లేని రాగి అట! ఒకదాని ధరకు ఫ్రిజ్ వస్తుంది. ఒకాయన "ఈ వైరుతో గాయని ఊపిరి కూడా వినిపిస్తుంది" అని రాశాడు. కింద ఇంకొకాయన "నీకసలు చెవులున్నాయా" అని తిట్టాడు. వాళ్ల కొట్లాట చదివి చదివి నా తల వాచిపోయింది. చౌకలో ఒకటి తెప్పిస్తే ఒక కొసకు ఫోను పిన్ను. ఇంకొకటి తెప్పిస్తే పిన్నులు ఎంత లావంటే పక్కపక్కన రెండూ పట్టవు. వాటిని వాపసు పంపడం ఇంకో పరేషాన్.

విసుగొచ్చి బీదర్ బజారుకు పోతే దుకాణాయన నవ్వాడు. "ఇప్పుడు వైర్లు ఎవరు వాడుతుండ్రక్కా? బ్లూటూత్ పెట్టుకోండ్రి."

ఒళ్లు మండింది. "మా డబ్బాలకు గా బ్లూటూత్ లేదన్నా! వైరుంటే ఇయ్యి, లేకుంటే లేదను!"

గొణుక్కుంటూ ఎక్కడో అడుగున ఉన్న మామూలు ఎర్ర-తెల్ల వైరు తీసిచ్చాడు. పూత లేదు, పేరు లేదు. ఇంటికొచ్చి పెడితే మాత్రం పిన్నులు బిగుతుగా కూర్చున్నాయి.

పాట మొదలైంది. ఎడమ డబ్బాలో మగవాళ్లు... కుడి డబ్బాలో ఆడవాళ్లు... వాళ్లందరికంటే అర మాట ముందు, అమ్మ!

నాన్న లేచి కుడి డబ్బా ముందుకు పోయి గదమాయించాడు. "జెర ఆగరాదే! అందరు అందుకున్నంక పాడు!"

అమ్మ ఆగలేదు. "ఎప్పుడూ గంతే... ఎవ్వరికోసం ఆగదు" అంటూ నాన్న కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు చర్చిలో ప్రతి పాటా ఎవరో ఒకరు ఫోన్లో తీస్తూనే ఉన్నారు... మళ్లీ పెట్టుకుని వినేవాళ్లే లేరు. మీ ఇంట్లో ఏ టేపులో ఎవరి గొంతు ఉంది? చెప్పండి... వైర్ల గురించి సలహాలు మాత్రం, మీకు దండం పెడతాను, వద్దు!