పరంధామయ్య హాజరు

మా మేష్టారు చిదంబరం గారికి ఉన్న పిచ్చి ఒక్కటే. లేని మనిషికి హాజరు వేస్తారు.

మా అందరి పేర్లూ అయ్యాక, రిజిస్టరులో ఎక్కడా లేని పేరొకటి చివర్లో పిలిచేవారు. "పరంధామయ్య." పిలిచి ఆగేవారు. గది కూడా ఆగేది. కిటికీ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తలాడించి, "సరే, కూర్చో" అని రిజిస్టరు మూసేవారు. ఉక్కగా ఉంటే ఆ కుర్చీ మీది ఫ్యాను కూడా వేయించేవారు. ఎప్పుడో చచ్చిపోయిన పాత విద్యార్థి అయ్యుంటాడని మాలో మేం అనుకునేవాళ్లం. దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది కాబట్టి ఆ గాలి నా మీదికి రాకుండా జరిగి కూర్చునేదాన్ని.

మా ఎమ్మే సెమినారు సాయంత్రాలు నాచారంలో ఒక పాత మేడ మీద జరిగేది. కింద మూతపడ్డ గోదాం. మేమంతా ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవాళ్లం. నేను చిల్కానగర్‌లో బడిపంతులమ్మని. వారానికో వ్యాసం చదివి, దాని మీద మాకేమనిపించిందో ఒక్క పేజీ రాసివ్వాలి. దాన్నే రెస్పాన్స్ పేపర్ అంటారు. ఎవరిదో తెలియకుండా మేష్టారు పైకి చదువుతారు కాబట్టి పేర్లు రాయకూడదు. కట్టలో మాత్రం ఎప్పుడూ మాకంటే ఒక పేపరు ఎక్కువ ఉండేది.

అది పరంధామయ్యది. ఉన్నవాళ్లం పేర్లు దాచుకుంటే లేనివాడు దర్జాగా సంతకం పెట్టేవాడు. అక్షరాలన్నీ గాలికి వంగినట్టు ఎడమకు వాలి ఉండేవి. కాగితం కర్పూరం వాసన వేసేది. బల్ల మీదికి ఎలా వచ్చేదో ఎవరూ చూడలేదు. పోనీ చచ్చినవాడు కదా, నాలుగు విషయాలు ఎక్కువ తెలిసుంటాయనుకుంటే, అంత మొద్దు క్లాసులో లేడు. "సామూహిక స్మృతి అన్నారు. అదేమిటో నాకు బోధపడలేదు" అని రాసేవాడు. మేం పోటీలు పడి ఖాళీ కుర్చీకి పాఠం చెప్పేవాళ్లం.

ఫ్యాక్టరీలో లేత్ మిషన్ నడిపే బిక్షపతి మాతో చేరాడు. డిగ్రీ అయిన చాలా ఏళ్లకు మళ్లీ చదువుకొచ్చిన మనిషి. మొదటి వారం ఒక్క వాక్యం రాసిచ్చాడు. రెండో వారం అదీ లేదు. ఇంకో వారం కూడా ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారు. ఉప్పల్ బస్సు కోసం నిలబడి ఉండగా నాతో మెల్లగా అన్నాడు.

"నాతోని గాదు స్వర్ణక్కా. చదువుతుంటె ఒక కాడ ఆగిపోత. ఆడ్నించి ఒక్క ముక్క ఎక్కదు. అడుగుదమంటె నవ్వుతరేమో."

ఎక్కడ ఆగావంటే నాకూ చెప్పలేదు.

ఆ శనివారం పరంధామయ్య రాసింది ఇదీ: "పుకారుకు యజమాని ఉండడు అన్నారు. యజమాని లేకుండా అది ఊరంతా ఎలా నడుస్తుంది?" బిక్షపతి మొహం పాలిపోయింది. మేం విడమర్చి చెబుతుంటే గబగబా రాసుకున్నాడు. బయటికొచ్చాక గొంతు తగ్గించి అడిగాడు.

"నేను ఆగింది గాడ్నే అక్కా. ఎవ్వరికి చెప్పలే. గాయనకెట్ల ఎర్కైంది?"

ఆ రాత్రి నేను లైటు ఆర్పకుండా పడుకున్నాను.

ఆ తర్వాత ప్రతి వారం అదే తంతు. బిక్షపతి ఇంట్లో ఎక్కడ ఆగితే పరంధామయ్య క్లాసులో అక్కడ ఆగేవాడు. బిక్షపతి తల్లి దుర్గమ్మ కొడుకు మెడలో నల్లదారం కట్టింది. అయినా అతను మానలేదు. భయపడుతూనే వచ్చాడు, భయపడుతూనే పేజీ నిండా రాయడం మొదలుపెట్టాడు.

మేష్టారికి కాస్త పిసినారితనం కూడా ఉందనుకునేవాళ్లం. వ్యాసాల జిరాక్సుల మీద మా పేర్లు రాసి ఇచ్చి, క్లాసుకు ముందే వెనక్కి తీసుకునేవారు. ఒకసారి ఆయనకు జ్వరం రావడంతో ఆ కట్ట నేనే మల్కాజిగిరిలో వాళ్లింటికి పట్టుకెళ్లాను. ఆయన బీరువా తెరవగానే కర్పూరం గుప్పుమంది. పురుగు పట్టకుండా కాగితాల మధ్య బిళ్లలు పెట్టారు. ముందుగా బిక్షపతి కాపీ తీసి, చదవకుండా అంచులు మాత్రమే చూస్తూ పేజీలు తిప్పారు. ప్రతి పేజీ మూలనా మిషన్ నూనె అంటిన నల్లటి బొటనవేలి ముద్ర.

"ఈసారి చివరిదాకా వచ్చాడు" అన్నారు, ఆ జ్వరంలోనే మొహం వెలిగిపోతూ.

మరకలు ఎక్కడ ఆగితే బిక్షపతి అక్కడ ఆగినట్టు. నాకప్పుడు వెలిగింది.

"పరంధామయ్య మీరేనా సార్?"

"అర్థం కాలేదని చెప్పడం చాలా కష్టమమ్మా. పరంధామయ్యకేం, పరువు పోతుందన్న బెంగ లేదు. అందరి బదులూ వాడే అడిగేస్తాడు."

నాకు ఆయన మీద పట్టలేనంత ప్రేమ పుట్టింది. ఎవరికీ చెప్పవద్దని, ఈ వారం కలం పట్టే ఓపిక లేదు కాబట్టి పరంధామయ్య రాడని అన్నారు. ఆయన బెంగంతా కొత్తగా చేరిన రాజశ్రీ గురించే. ఆ అమ్మాయి చేరినప్పటి నుంచీ నోరు విప్పలేదు, మానేసేలా ఉంది. ఆమె కాపీ మీద ఒక్క మరకా లేదు. ఎక్కడ ఆగిందో ఎలా తెలుస్తుంది?

దారిలో బిక్షపతి కనబడి మేష్టారికి ఎలా ఉందని అడిగాడు. ఈ వారం పరంధామయ్య కూడా రాడులే అని నోరు జారాను. ఏదో లెక్క తేలినట్టు తలాడించాడు.

"మరి రాజశ్రీ ఎట్ల అక్కా? మొన్న మేడిపల్లి బస్సుల ఒక్కటే పేజీ తిప్పి తిప్పి సూస్తుండె" అని మాత్రం అన్నాడు.

శనివారం మేష్టారు మఫ్లరు చుట్టుకుని వచ్చారు. నీరసంలో హాజరు మరిచిపోయి నేరుగా పేపర్లు చదవడం మొదలుపెట్టారు. చివరి కాగితం దగ్గర చదవడం ఆపేశారు. ఎడమకు వాలిన అక్షరాలు, కింద సంతకం: పరంధామయ్య. ఖాళీ కుర్చీ వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. నేను కాదని తలూపాను. ఆ ఫ్యాను ఆపమన్నారు. అది ఆగే ఉంది.

గొంతు సవరించుకుని చదివారు. "చచ్చిపోయినోళ్లు వీధుల పేర్లల్ల మిగులుతరని ఐదో పేజీల ఉంది. పేరు గూడ లేనోళ్లు ఎట్ల మిగులుతరు?"

రాజశ్రీ తలెత్తింది. "నాకూ అక్కడే అర్థం కాలేదు సార్" అంది. ఆమె గొంతు మేం వినడం అదే మొదటిసారి. అందరం ఆమె వైపు తిరిగి, తలా ఒక మాట చెప్పాం.

మేష్టారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి ఒక మూల దగ్గర ఆగారు. నల్లటి బొటనవేలి ముద్ర. బిక్షపతి పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నాడు.

"హాజరు మరిచిపోయాను" అంటూ మేష్టారు రిజిస్టరు తెరిచారు. మా పేర్లన్నీ అయ్యాయి.

"పరంధామయ్య."

గది ఆగింది.

"వచ్చిండు సార్" అన్నాడు బిక్షపతి.

"సరే, కూర్చో."

నేను లేచి ఫ్యాను వేశాను.