ట్వంటే జున్ను

నిన్న మధ్యాహ్నం నది అవతలి ట్వంటే నుంచి పడవ మీద యాంగోన్‌లో, అహ్లోన్ పేటలోని మా ఇంటికి ఒక చిన్న మట్టికుండ వచ్చింది. మూతికి అరిటాకు కట్టి ఉంది, లోపల జున్ను. మిరియాలు కాస్త ఎక్కువే పడ్డాయి, పంపిన పెద్దమ్మ చేతి అలవాటు అంతే. చెంచా నోట్లో పెట్టుకోగానే ఎనిమిదేళ్ళ కిందటి సంగతంతా కళ్ళముందుకు వచ్చింది. ముప్ఫై నిండకుండానే జ్ఞాపకాలు రాయడానికి కూర్చున్నాడని నవ్వకండి. ఈ మధ్య ఏళ్ళలో బర్మాలో మా ఈడు వాళ్ళమంతా తొందరగానే పెద్దవాళ్ళమైపోయాం.

అప్పట్లో మా తెలుగు చర్చి యూత్‌లో పద్నాలుగు మందిమి. ఏడాదికోసారి సువార్త యాత్ర అని ఏదో ఒక ఊరు వెళ్ళేవాళ్ళం. మా లీడరు అక్క భోజనానికి ముందు ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారేది. నేను వెళ్ళేది పడవ ప్రయాణం కోసం, దారిలో బజ్జీల కోసం. గిటారు మోసేవాణ్ణే గాని వాయించేవాణ్ణి కాదు. నలుగురిలో ప్రార్థన చెయ్యమంటే చాలు, నాకు దగ్గు వచ్చేది.

ఆ ఏడు ట్వంటే కాలవ గట్టున దిగి బురదలో చెప్పులు వెతుక్కుంటుండగా ఒక పెద్దమ్మ ఎదురొచ్చింది. మన తెలుగావిడే, హిందువులు. తెల్లవారుజామున ఆవిడ ఆవు ఈనింది. దూడ బాగానే ఉంది గాని తల్లి కూలబడి ఇక లేవడం లేదు. ఆ పాలు టీకొట్లకు పోసుకుంటూ ఆవిడ ఒంటరిగా బతుకుతోంది. పశువుల డాక్టరు పడవలో వస్తాడని గట్టున కాచుకుని ఉంటే, ఆయనకు బదులు మేం దిగాం.

“అమ్మోరికి మొక్కీసినాను, డాక్టరికి కబురెట్టీసినాను, ఇంక మీ పెబువే మిగిలినాడు. ఓ మాట అడగండి బాబూ” అంది.

అందరం ఆవిడ పెరట్లోకి వెళ్ళాం. అక్క వెంటనే బర్మా భాషలో అందుకోబోయింది, మా యూత్‌లో అందరికీ భక్తి ఆ భాషలోనే వచ్చేది మరి. పెద్దమ్మ ఆపేసింది. “నా ఆవుకి బర్మా మాట తెల్దమ్మా. తెలుగులో సెప్పండి.” దేవుడికి అన్ని భాషలూ వస్తాయని చెప్పబోయి అక్క ఆగిపోయింది, ఆవు సంగతి అలా చెప్పలేం కదా. నాయనమ్మ పెంపకం వల్ల తడుముకోకుండా తెలుగు మాట్లాడేవాణ్ణి నేనొక్కణ్ణే. అందరూ నావైపు తిరిగారు. దగ్గాను. ఎవరూ పట్టించుకోలేదు.

పాక కింద ఆవు మెడ వెనక్కి తిప్పి, తల డొక్కకు ఆనించి పడి ఉంది. చెవి పట్టుకుంటే చల్లగా తగిలింది. పెద్దమ్మ దాని గంగడోలు నిమురుతూ నన్నే చూస్తోంది. ఒక జోకు కోసం వెతికాను, దొరకలేదు. “ప్రభువా, ఈ ఆవును లేపు. ఈవిడకు ఇంకెవరూ లేరు. ఆమేన్” అన్నాను.

ఆవు లేవలేదు. ఊరికే నిలబడితే బాగుండదని మావాళ్ళు పాట ఎత్తుకున్నారు. రెండో పాట మూడో చరణంలో ఆవు చెవులు ఆడించింది, వెనక కాళ్ళు కూడదీసుకుంది, ఒక్క ఊపున లేచి నిలబడింది. పాట ఆగిపోయింది. పెద్దమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది.

చేతులు కడుక్కోవడానికి పాక వెనక్కి వెళ్ళినప్పుడు, కంచె కర్రకు వేలాడుతూ ఒక ఖాళీ మందుసీసా కనిపించింది, గొట్టంతో, సూదితో సహా. పక్కింటాయన తాపీగా చెప్పాడు: డాక్టరు పడవలో కాక మోటారుసైకిలు మీద వచ్చాడట, పెద్దమ్మ గట్టున ఉండగానే ఆవు మెడ నరంలోకి కాల్షియం ఎక్కించాడట, అరగంటలో లేస్తుందని చెప్పి పక్కూరు వెళ్ళిపోయాడట.

ఆదివారం చర్చిలో సాక్ష్యం నువ్వే చెప్పాలని తిరుగు పడవలో అక్క అంది. సీసా మాట నేను ఎత్తలేదు. ఆ వేళ గిటారు నా చేత మోయించలేదు, చిన్నవాళ్ళు నాకు కిటికీ పక్క చోటిచ్చారు. ఆ మర్యాద బాగానే ఉంది.

ఆదివారం లేచి నిలబడ్డాను. నాయనమ్మ ముందు బెంచీలో కొంగు చేత్తో పట్టుకుని, ఏడవడానికి సిద్ధంగా కూర్చుంది. నేను మారాలని ఆవిడ ఎన్ని శుక్రవారాలు ఉపవాసం ఉందో నాకు తెలుసు. ఆవు లేచిందన్న చోట ఆపేస్తే ఆ ముసలి ప్రాణం కుదుటపడేది. ఆపలేకపోయాను. సీసా సంగతి కూడా చెప్పేశాను. పాస్టరు అయ్యగారు బైబిల్లో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నారు. అక్క మాత్రం తల దించుకోలేదు, నన్నే చూసింది, అదే కష్టంగా ఉంది.

అప్పుడు నాయనమ్మ గొంతు వినిపించింది. “ఒరే, ఇంతకీ ఆవు లెగిసినాదా, నేదా?”

“లెగిసింది నాయనమ్మా.”

“మరింకేటి? కూకో.”

చర్చంతా నవ్వింది, కాసేపటికి అక్క కూడా.

సీసా సంగతి తెలిశాక పెద్దమ్మ కూడా ఆ లెక్కనే తీసుకుంది. అమ్మవారికి పూలు, డాక్టరుకు పాలు, మాకు జున్ను. తర్వాత ఆ ఆవు దూడ ఈనినా, దాని దూడ ఈనినా మా వాటా మాకు వస్తూనే ఉంది.

ఇప్పుడు నాయనమ్మ లేదు. అక్క మలేషియాలో ఉంది, అక్కడ అన్నాలు చల్లారుతూ ఉండాలి. యూత్‌లో ఆరుగురం మిగిలాం, యాత్రలు మానేసి చాలా ఏళ్ళయింది. ప్రార్థన చెయ్యమంటే నాకిప్పుడు దగ్గు రాదు. పెద్ద పెద్ద మాటలు కూడా వచ్చాయి, బాగా చేస్తానని చెప్పుకుంటారు.

అయితే ఆనాటి సాక్ష్యంలో ఒక్క ముక్క నాకోసం దాచుకున్నాను. ఇప్పుడు ఏది అడగబోయినా, సీసా ఎక్కడైనా ఉందేమోనని నా చూపు ముందు కంచె వైపు పోతుంది. అయినా అడుగుతూనే ఉన్నాను. దాచుకున్న ముక్క ఇదే: ఆ రోజు ఆవు చెవి పట్టుకుని అడిగినప్పుడు మాత్రం ఏ సీసా కోసమూ వెతకలేదు, నేనింకా పాక వెనక్కి వెళ్ళలేదు.