రాణి నోటికి సరిపోయిన కళ్లెం

చాయ్ తాగుకుంట వినున్రి, తొందరేం లేదు. మొన్న మా బామ్మర్ది పెండ్లిల ఒక గుర్రం నా ఇజ్జత్ తిన్నది. తిన్నదంటే మాట వరసకు అంటలేను. ముందుగాల పూలు తిన్నది, తర్వాత అరటాకులు తిన్నది, ఆఖరికి నా వంతు వచ్చింది.

నా నౌకరీ కొలతలది, మీకు తెలుసు గదా. ఫ్యాక్టరీల వాడే గేజీలు సరిగ్గ చూపిస్తున్నయా లేదా అని చూసి సంతకం పెట్టుడు. ఈ మధ్య ఆదివారాలు పీర్జాదిగూడ దాటినంక ఉన్న రైడింగ్ స్కూల్ల గుర్రం నేర్సుకుంటున్న. నేర్సుకునుడంటే, ఇంకా దిగేటప్పుడు ఎవరో ఒకరు పట్టుకోవాలె. కానీ వీడియోలు మస్తు చూసిన. కళ్లెం గురించి మా ఇంటికి పాలు పోసేటాయనకు గూడ క్లాస్ పీకిన. "మీకు ఏదన్న సగం తెలిసిందంటే ఇగ ఇంట్ల ఎవరికీ నిద్ర ఉండదు" అంటది మా ఇంటామె స్వరూప.

స్వరూప తమ్ముడు కిరణ్. మంచి పిల్లగాడు, సాఫ్ట్‌వేర్ పని. జంతువులంటే మాత్రం వానికి పానం పోతది. కుక్కపిల్ల ఎదురొస్తే రోడ్డు దాటి అవతలి దిక్కు నడుస్తడు. వానికి కుదిరిన పిల్లను పెంచి పెద్ద జేసింది వాళ్ల నాయనమ్మ. ఆ ముసలమ్మ పెట్టుపోతలు ఏమీ అడగలె, ఒకటే అడిగింది. పెండ్లికొడుకు గుర్రం మీద రావాలె, మనుమరాలు మేడ మీదికెళ్లి చూడాలె. కార్ల వస్తే ఏమైతదమ్మా అంటే, "కార్ల అందరొస్తరు" అన్నదట.

కిరణ్‌కు అన్నం సయించలె. ఆఖరికి నా దగ్గరికొచ్చిండు.

"బావా, గుర్రం సంగతి నువ్వు చూసుకుంటనంటేనే ఎక్కుత. అది నన్ను కింద పడేస్తే, పెండ్లిపిల్ల ముందట నా బతుకేం గావాలె?"

నాచారంల మా అత్తగారింట్ల నన్ను నమ్మి ఒక పని అప్పజెప్పుడు గదే మొదలు. ఫికర్ జెయ్యకురా అని వాని భుజం తట్టిన. లోపల మస్తు ఖుషీ అయిన, ఎందుకు అబద్ధం చెప్పాలె.

గుర్రం చాంద్ భాయ్‌ది. రెండు అపార్ట్‌మెంట్ల నడుమ ఖాళీ ప్లాట్ల కట్టేస్తడు. తెల్లటి ఆడ గుర్రం, పేరు రాణి. పెండ్లికి ముందు ఒకరోజు పొయ్యి చూసిన. ఊకె తల ఎగరేస్తున్నది. నోరు తెరిపించి చూస్తే, కళ్లేనికి నోట్ల ఉండే కడ్డీ మెలికలు తిరిగిన ఇనుముది. పెదవుల మూలలు ఒరుసుకపోయి ఎర్రగైనయి. ముక్కు చుట్టూ ఒక తోలు పట్టీ, దాని కింద గదుమను బిగబట్టే ఇంకో పట్టీ. రెంటిట్ల దేని కిందా నా వేలు దూరలె.

"గింత బిగుతు ఎందుకు భాయ్?"

"కొన్నప్పటి సంది గట్లనే ఉన్నది సార్. పాతాయన ఏ రంధ్రంల పెట్టి ఇచ్చిండో నేను గూడ అదే రంధ్రంల పెడుతున్న."

"ఎందుకని అడగలేదా?"

"గుర్రం మంచిదేనా అని అడిగిన. మంచిదే అన్నడు."

నాకు నిజంగ పాపమనిపించింది. నోట్ల పుండు పెట్టుకొని బ్యాండుకు డ్యాన్స్ చెయ్యమంటే ఎవలు చేస్తరు? ఇందుల నవ్వేది లేదు. పెండ్లి దాకా దీని నోట్ల ఇనుము పెట్టకు, మూలలు మాననియ్యి అని చాంద్ భాయ్‌కి చెప్పిన. దారం తీసి పెదవి మూల నుంచి మూల దాక కొలిచిన. తర్వాతి ఆదివారం రైడింగ్ స్కూల్ నుంచి రకరకాల కడ్డీలు అడుక్కొని పోయిన.

ముందుగాల లావుది పెట్టిన. లావుగుంటే మెత్తగుంటదని అందరు అనుకుంటరు. రాణి నోరేమో చిన్నది, నాలుకేమో మందం. లావు కడ్డీ పెడితే దానికి నోరు మూసుకునుడే అయితలేదు. నడుమ కీలు ఉన్నది పెడితే నాలుక పక్కకేసి నిలబడ్డది. ఆఖరికి రబ్బరుది, సీదాగ ఉండేది పెట్టిన. జరసేపు చూసింది, తల దించింది, మెల్లగ నములుకుంట నిలబడ్డది. చాంద్ భాయ్ వాహ్ సార్ అన్నడు. ఏ గుర్రం నోటికి ఆ గుర్రం కొలత ఉంటది భాయ్ అని మొదలువెట్టి, ఆయన బీడీ అయిపోయేదాక చెప్పిన. ముక్కు ఎముకకు, పట్టీకి నడుమ రెండు వేళ్లు పట్టాలె గదా, అట్ల వదులు చేసిన. గదుమ పట్టీ అయితే మొత్తానికే ఇప్పి జేబుల ఏసుకున్న.

ప్లాట్ల అటిటు తిప్పి చూసినం. మస్తు నడిచింది. ఆ ప్లాట్ల గడ్డిపోచ గూడ లేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలె.

పెండ్లి పొద్దుటి ముహూర్తం, ఉప్పల్ల ఫంక్షన్ హాల్. మెట్రో పిల్లర్ల దగ్గర కిరణ్‌ను గుర్రం ఎక్కించినం. వాడు కండ్లు మూసుకొని ఎక్కిండు. రాణి కదలలె, తల ఎగరెయ్యలె. వాడు మెల్లగ ఒక కన్ను తెరిచి, "బావా, మంచిగనే ఉన్నది" అన్నడు. నేను పక్కన పగ్గం పట్టుకొని, వెంబడొచ్చే మా మామకు కడ్డీల గురించి చెప్పుడు షురూ జేసిన. ఆయన బ్యాండు చప్పుడుల ఏం వినపడతలేదన్నడు. ఇంకా దగ్గరికి జరిగి చెప్పిన.

నడుమల చాంద్ భాయ్ ఒక మాటన్నడు. పెండ్లి ఉన్న పొద్దు రాణికి దానా పెట్టడట. రోడ్డు మీద గలీజు చేస్తే పెండ్లోళ్లు తిడతరని. మంచిదే అన్న నేను.

ఆ తర్వాత రాణి మెడ వెనుకకు తిప్పింది. కిరణ్ దండ కింది కొసను నోటికి అందుకున్నది. ఇన్నాళ్లు నోరు బిగగట్టి పెండ్లిళ్లన్నీ తిప్పిన్రు గదా దాన్ని. మొదటిసారి నోరు తెరుసుకున్నది.

"బావా, ఇది నన్ను తింటున్నది."

"నిన్ను కాదురా, బంతిపూలు."

"బంతిపూలు నా మీదనే ఉన్నయి బావా."

వాడు మోకాళ్లు పైకి ముడుసుకున్నడు. నేను పగ్గం గుంజిన. రబ్బరు గదా, హాయిగ ఉన్నది దానికి. నేను ఎంత గుంజితే అంత మంచిగ నమిలింది. దండ అయిపోయినంక ముందట డ్యాన్స్ చేస్తున్న చిన్నత్తమ్మ జడల మల్లెపూలు కనబడ్డయి. చిన్నత్తమ్మ వెనుక నుంచి ఎవరో జడ గుంజుతున్నరని తిరిగి మా మామను కోపంగ చూసింది. మామ నన్ను చూసిండు.

హాలు గేటు దగ్గర అటొక అరటిచెట్టు, ఇటొక అరటిచెట్టు కట్టిన్రు. నడుమ మామిడాకుల తోరణం. దాన్ని చూసి రాణి అడుగు జోరు చేసింది. పెండ్లోళ్లందరు ఎంత ఉషారు గుర్రం అనుకున్నరు. గేటుకు అడ్డంగ నిలబడి ఒక అరటిచెట్టు ఆకులు మొదలువెట్టింది. ఎదుర్కోళ్లకు వచ్చిన ఆడోళ్లు పానకం బిందె పట్టుకొని అవతల నిలబడ్డరు. ఆకు నములుకుంటనే మూతి చాపి బిందెల పెట్టి తాగింది. తాగి తల విదిలిచ్చింది. పట్టుచీరెలు ఉన్నోళ్లందరికి తలా ఇంత పడ్డది.

లోపట్నుంచి పంతులు కబురు పంపుతున్నడు, ముహూర్తం దాటుతదని. రాణి జరగదు. మనిషి పోవడానికి ఇంత సందు ఉన్నది, గుర్రం మాత్రం కదలదు. నాకు గదుమ పట్టీ యాదికొచ్చింది. అది ఆ ఆదివారం ఏసుకున్న ప్యాంటు జేబుల ఉన్నది. ప్యాంటు ఇస్త్రీకి పోయింది.

కిరణ్‌కు చెమటలు. "దిగుత బావా, నీ కాళ్లు మొక్కుత" అన్నడు. దింపుదామని చెయ్యి ఇచ్చిన్నో లేదో, అవతలి నుంచి పెండ్లిపిల్ల నాయనమ్మ అడ్డం పడ్డది.

"ఎదుర్కోళ్లు గాకముందు పెండ్లికొడుకు కాలు కింద పెట్టొద్దు. సవారీ మీదనే లోపలికి రావాలె."

ఇదెక్కడి శాస్త్రమో నాకు తెల్వదు. పంతులుకు గూడ తెల్వదట. "పెద్దామె ముచ్చట, ఏదో ఒకటి చేసి తొందరగ తీసుకరాన్రి" అని చెప్పి పంపిండు. పైన మేడ మీద పెండ్లిపిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చూస్తున్నది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో కింది నుంచి తెలుస్తలేదు. కిరణ్ అటు చూసి మొఖం దించుకున్నడు. వాడు నన్ను నమ్మి ఎక్కిండు.

అందరు నన్నే చూస్తున్నరు. నేను పొయ్యి రాణి పక్కన వంగిన.

కిరణ్ గుర్రం మీది నుంచి సీదా నా వీపు మీదికి జారిండు. మంచి బరువున్నడు. పడిపోతనన్న భయంల చేతికి దొరికింది పట్టుకున్నడు. దొరికింది నా మెడల పట్టు కండువా. రెండు కొసలు వాని చేతులల్ల, నడుమ భాగం వచ్చి నా పండ్ల నడుమ ఇరికింది. వాడు భయమైనప్పుడల్లా గుంజుతున్నడు. బ్యాండోళ్లకు గుర్రం లోపలికి పోయేటప్పుడు వాయించే పాట ఒకటి ఉంటది. అలవాటైన పానం గదా, అదే వాయించిన్రు. రాణి తల గూడ తిప్పలె, రెండో చెట్టుకు మారింది.

సందుల నుంచి వాన్ని మోసుకుంట మెట్ల దగ్గరికి పోయేసరికి మేడ మీది నుంచి పెండ్లిపిల్ల నవ్వు గట్టిగనే వినబడ్డది. వీపు మీద కిరణ్ గూడ నవ్వుడు షురూ జేసిండు. వాడు నవ్వితే నాకు ఇంకా బరువైంది, కానీ మనసు కుదుట పడ్డది.

నాయనమ్మ పరవశంగ చేతులు జోడించి, మా అత్తమ్మతోని అన్నది, "మీ అల్లుడు ఎంత నెమ్మదస్తుడు చెల్లె. ఇసొంటోడు దొరుకుడు కష్టం."

అత్తమ్మ నన్ను కింది నుంచి మీది దాక చూసింది.

"ఏమో అక్కా. మా బిడ్డనిచ్చినప్పటి సంది అల్లుడు నోరు మూసుకొని పని చేసుడు నేను ఇయ్యాల్నే చూస్తున్న."

గట్లేం లేదని చెప్దామనుకున్న. కిరణ్ ఇంకా కండువా వదలలె.