నేను కొట్టేసిన రీడింగు

ఆరేళ్లుగా ఒక మాటను లోపలే మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఖతార్‌లోని మెసయీద్‌లో ఉంటాను. చిన్న విమానంలో ఫ్యాక్టరీల మీదుగా తిరుగుతూ గాలిలో మీథేన్ గ్యాసు ఎంతుందో కొలిచే కంపెనీలో టెక్నీషియన్ని. ఉత్తర ధ్రువం దగ్గర మంచు నేలల మీద కొలిచొచ్చిన యంత్రమే మా విమానంలోనూ ఉండేది. ఎగిరే ముందు రోజూ దాన్ని సరిచూడాలి. అది నా పని. ఆ రోజు ఆలస్యంగా లేచాను. సరిచూడకుండానే, చూసినట్టు సంతకం పెట్టాను.

ఒక ప్లాంటు మీద రీడింగు ఒక్కసారిగా పెరిగింది. మళ్లీ తిరిగి వచ్చినా అంతే. నిజంగా లీకుందా, యంత్రమే తప్పు చూపిస్తోందా? రిపోర్టులో రాస్తే ప్లాంటువాళ్లు పని ఆపి వెతుకుతారు. దాంతోపాటు పొద్దుటి కాగితాలూ అడుగుతారు, నా దొంగ సంతకం బయటపడుతుంది. 'యంత్రం లోపం' అని రాసి ఆ రీడింగు కొట్టేశాను.

ఆ ప్లాంటులోనే యాదగిరి వెల్డర్. జగిత్యాల దగ్గర మావి పక్కపక్క ఊళ్లు. క్యాంపులో ఒకటే రూము. నాకు జ్వరమొస్తే డ్యూటీ నుంచి వచ్చి జావ కాచి తాగించిన మనిషి. మర్నాడు పొద్దున బస్సు దగ్గర అడిగాడు.

"అన్నా, నిన్న మా ప్లాంటు మీద రెండుసార్లు తిరిగిండ్రు. ఏమన్న లీకున్నదా?"

"ఏం లేదురా. నువ్వు పో."

"నువ్వు చెప్పినవంటే ఇగ రంది లేదు," అని బస్సెక్కాడు.

ఆ మధ్యాహ్నమే మంటలు లేచాయి. లీకైన గ్యాసుకు వెల్డింగ్ నిప్పు అంటుకుందన్నారు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. మాట లేదు. పక్కనే కూర్చున్నాను. అప్పుడు కూడా చెప్పలేదు.

శవపేటికతో ఊరికి నేనే వెళ్లాను. ముందుగా ఎవ్వరికీ తెలియలేదా అని వాడి భార్య అడిగింది. తెలియలేదన్నాను. గల్ఫ్‌లో ఆయనకు నువ్వన్నా తోడున్నవని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ చేతులు వెనక్కి తీసుకోలేకపోయాను.

ఎందుకు చేశాను? ఉద్యోగం పోతుందని భయమా? సంతకం దగ్గర భయమే. కానీ బస్సు దగ్గర? నాకు అనుమానంగా ఉంది, చూసుకో అని ఒక్క మాట అంటే నా సంతకం సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అక్కడ నన్ను ఆపింది భయం కూడా కాదు, రాసిన అబద్ధాన్ని రాత్రికి రాత్రే నేను నమ్మేయడం, నమ్మితే హాయిగా ఉండటం.

విచారణలో ఎవరూ నన్ను పిలవలేదు. పిలిస్తే చెప్పేవాణ్ణా? అదీ తెలియదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీది కాదు. ఇది రాస్తుంటే మాత్రం, చాలా రోజులకు, కాస్త ఊపిరి ఆడుతోంది. యాదగిరి ప్రమాదంలో పోలేదు. నా వల్ల పోయాడు.