కంచెకు అవతల పెట్టిన బిడ్డ

మా రాయగడ క్రైస్తవుల గుడిలో ఒకే పాటను రెండు భాషల్లో ఒకేసారి పాడేవారు. రాగం ఒకటే. కుడివైపు వాళ్ళు ఒడియాలో, ఎడమవైపు మేము తెలుగులో. ఎవరి గొంతు పెద్దదైతే ఆ పూటకి వాళ్ళ భాష గెలిచినట్టు. మా నాన్న రైల్వేలో గేంగు మేస్త్రీ. పట్టాల మీద కేకలేసి రాటుదేలిన గొంతు కాబట్టి చాలా ఆదివారాలు తెలుగే గెలిచేది. దాని గురించి ఎవరూ పోట్లాడుకోలేదు. దేవుడి పేరుతో పోట్లాడుకోవడం మాకింకా ఎవరూ నేర్పలేదు.

మా పాదిరి అయ్యగారు గునుపురంలో ఉండేవారు. గుడారి, రామనగుడ, మా ఊరు, అన్ని సంఘాలూ ఆయన నెత్తి మీదే. నెలకొకసారి వచ్చి బాప్తిస్మాలు, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు భోజనం, పెళ్ళిళ్ళు అన్నీ ఒక్క పూటలో కానిచ్చుకుని వెళ్ళేవారు. వానలకి గెడ్డలు పొంగి దారి మూసుకుపోతే ఆ నెల మాకు ఏదీ లేనట్టే. మిగతా ఆదివారాలు సంఘపెద్దగా మా నాన్నే వాక్యం చదివేవాడు. చదవడం వరకే. అర్థం చెప్పడం అయ్యగారి పని.

నేను ఓణీ వేసుకునే వయసులో ఉండగా, నా తరవాత చాలా ఏళ్ళకి, అమ్మకి మగబిడ్డ పుట్టాడు. నిండు వానాకాలం. మాలో బిడ్డ పేరు బాప్తిస్మం రోజునే బయటపెట్టేవారు. అమ్మ మనసులో ఒక పేరు అనుకుని పెట్టుకుంది. నేనెంత బతిమాలినా చెప్పలేదు.

"అయ్యగారు రానీ అమ్మీ. ఆయన నోటంట ఇందువుగాని, తొందరేటి?" అని నవ్వేది.

గెడ్డలు తగ్గలేదు, అయ్యగారు రాలేదు. వారం తిరక్కుండా బిడ్డకి జ్వరం తగిలి పోయాడు.

ఏడుపులు సద్దుమణగక ముందే పాతిపెట్టే చోటు గురించి పేచీ వచ్చింది. బాప్తిస్మం కాని బిడ్డని సమాధుల తోటలో పెట్టవచ్చా, కూడదా అని పెద్దలు మా గుమ్మంలో నిలబడే తర్జనభర్జన పడ్డారు. వాళ్ళలో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు మనవాళ్ళు ఏది కఠినంగా ఉంటే అదే దేవుడి చిత్తం అనుకుంటారు. తోట కంచెకు అవతల, తుప్పల పక్కన పెట్టారు. నాన్న కూడా ఆ పెద్దల్లో ఒకడే.

అప్పటి నుంచి అమ్మది ఒకటే ప్రశ్న. వంట దగ్గర, బట్టలు ఉతికేచోట, ఎక్కడైనా సరే నాన్న కనిపిస్తే చాలు.

"వాడెక్కడున్నాడు?"

"దేవుడి దగ్గరున్నాడే."

"మరయితే కంచెకి అవతల ఎందుకెట్టేరు?"

నాన్న కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. అయ్యగారు వచ్చినప్పుడు అడుగుదామంటే, ఆయన వచ్చిన పూట అమ్మ జబ్బుపడి మంచం మీద ఉంది. ఆయన తలమీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, బండి వేళయిందని వెళ్ళిపోయారు. బిడ్డ ఊసు ఎత్తితే ఆమె ఏడుస్తుందని ఎత్తలేదట. తరవాత వచ్చినప్పుడూ ఆ ఊసు రానివ్వలేదు. మంచి మనిషే. ఆ మంచితనమే మా కొంప ముంచింది.

మరుసటి వేసవిలో కోస్తా వైపు నుంచి కొత్త బోధకుడొకడు దిగాడు. తెల్లటి బట్టలు, గంభీరమైన గొంతు. ఏ ప్రశ్నకైనా "తెలియదు" అనే మాట అతని నోట రాదు. చింతపండు గొడౌను ఒకటి అద్దెకు తీసుకుని సాయంత్రాలు కూటాలు పెట్టాడు. మీరు పొందిన బాప్తిస్మం బాప్తిస్మమే కాదన్నాడు. ఏట్లో మునిగితేనే రక్షణ, అదీ నా చేతి మీద అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. బైబిల్లోని పత్రికల్లో ఎక్కడో ఉన్న ఒక్క వాక్యం పట్టుకుని, చనిపోయిన వాళ్ళ కోసం బతికున్న వాళ్ళు మునిగితే వాళ్ళకీ రక్షణే అని మొదలుపెట్టాడు.

మా తెలుగు కుటుంబాల్లో సగం గొడౌనుకి తరలిపోయాయి. తాత కోసం ఒకరు, అత్త కోసం ఒకరు నాగావళిలో బారులు తీరారు. బతికుండగా ఆ అత్తకి గుక్కెడు గంజి పొయ్యని కోడలు కూడా ముక్కు మూసుకుని మునిగింది. మా పక్కింటి ముసలమ్మ హిందువు, సిక్కోలు వైపు రైతు కుటుంబం. ఆమె నన్ను ఆపి మరీ అడిగింది.

"ఒలమ్మా, మీవోళ్ళు కూడా ఏట్లో దిగి పెద్దోళ్ళకి పెడతన్నారేటే? మరి మమ్మల్నెందుకు తప్పన్నారు?"

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆమె అడిగినదాంట్లో తప్పేముంది?

అమ్మ కూడా మునుగుతానంది. నాన్న గడపకి అడ్డంగా నిలబడ్డాడు.

"సంఘపెద్ద పెళ్ళానివి. నువ్వెల్తే నాను గుళ్ళో ఏ మొకం ఎట్టుకుని నిలబడాల?"

"నీ మొకం సంగతి నాకొద్దు. నా బిడ్డ సంగతి సూడు" అని పక్కకి తోసుకుని వెళ్ళింది. పొడిచీర పట్టుకుని నేను వెంట వెళ్ళాను.

నడుములోతు నీళ్ళలో బోధకుడు ఆమె భుజం పట్టుకుని, ఎవరి కోసమో పేరు చెప్పమన్నాడు. పేరు లేని వాళ్ళకి కుదరదట. అమ్మ కొంగు నడుముకి దోపుకుంది. తరవాత గట్టిగా, ఒడ్డున చాకిరేవు వాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా ఆ పేరు చెప్పింది. నా తమ్ముడి పేరు నేను వినడం అదే మొదటిసారి. బోధకుడు చెప్పేది తప్పని నాకు తెలుసు. అయినా నీళ్ళలోంచి లేచినప్పుడు అమ్మ ముఖం చూసి, తప్పయితే అయింది, ఆమెకి ఇది మిగలనివ్వు దేవుడా అనుకున్నాను.

మిగలలేదు. మర్నాటి కూటంలోనే బోధకుడు, నీ బిడ్డ రక్షణ పొందాడు, ఇక నీ మొగుడు నశించిన వాడు, అతనితో కలిసి ప్రార్థన చెయ్యకన్నాడు. ఇంట్లో అన్నం ముందు నాన్న కళ్ళు మూసుకుంటే అమ్మ కళ్ళు తెరుచుకుని కూర్చునేది. ఎవరితో ఆమెన్ అనాలో తెలియక నేను ముద్ద మింగేసేదాన్ని. ఊళ్ళో సంఘం చీలితే చూసేవాళ్ళకి వింతగా ఉంటుంది. ఇంట్లో చీలితే కూర వడ్డించే చెయ్యి కూడా పరాయిదైపోతుంది.

వానలు పడకముందే అయ్యగారు వచ్చి విచారణ పెట్టారు. పెద్దలు బల్ల మీద, ఆడవాళ్ళు చాపల మీద. ఇల్లు రెండుగా చీలడం భరించలేక అమ్మ గొడౌనుకి వెళ్ళడం మానేసిందని అప్పటికే అందరికీ తెలుసు. ఆ మునక అబద్ధమని సంఘం ముందు ఒప్పుకుంటే ప్రభు భోజనానికి మళ్ళీ రానిస్తామన్నారు. అయ్యగారు నెమ్మదిగా నచ్చజెప్పారు.

"ఎందుకు తొందరపడ్డావు తల్లీ? ప్రాణం మీదికొచ్చిన బిడ్డకి పాదిరే అక్కర్లేదు. ఏ విశ్వాసి అయినా కాసిన్ని నీళ్ళు పోసి బాప్తిస్మం ఇవ్వొచ్చు. మన సంఘంలో అది చెల్లుతుంది."

నేను నాన్న వైపు చూశాను. బిడ్డ పోయిన పూట మా ఇంట్లో బిందె నిండా నీళ్ళున్నాయి. విశ్వాసీ ఉన్నాడు. వాడి తలవైపే కూర్చున్నాడు.

అమ్మ లేచి నిలబడింది. "ఈ ముక్క మాకెప్పుడు సెప్పేరు అయ్యగారూ?"

ఆయన చేతిలోని బైబిలు మూశారు.

"పోనీ ఇప్పుడు సెప్పండి. వాడెక్కడున్నాడు?"

ఆయన, "నాకు తెలీదు తల్లీ. దేవుడు అన్యాయం చెయ్యడని తెలుసు. అంతే తెలుసు" అన్నారు.

"అదైనా ఆ రోజు మంచం పక్కన సెప్పుంటే, నాను ఏట్లో దిగుదునా?"

బల్ల మీది పెద్దలకి మాత్రం ఒప్పుకోలు కావాలి. అమ్మ, మునక అబద్ధమని చెప్తాను గాని అక్కడ పెట్టిన పేరు అబద్ధమని చెప్పనంది. అబద్ధపు బాప్తిస్మంలో పెట్టిన పేరు నిజమెలా అవుతుంది, రెండూ వదులుకోవాల్సిందే అన్నారు వాళ్ళు. వదులుకోనంది. అయితే ప్రభు భోజనం నుంచి ఆపుతున్నాం అన్నారు.

అప్పుడు నాన్న బల్ల మీంచి లేచాడు. మగవాళ్ళు అడుగుపెట్టని ఆడవాళ్ళ వైపు వచ్చి, చాప మీద అమ్మ పక్కన కూర్చున్నాడు. ఆ పెద్ద గొంతుని ఆ పూట తగ్గించి, బల్ల వైపు చూసి అన్నాడు.

"ఆడ్ని కంచెకి అవతల ఎట్టమన్నది నానే. నా కొడుకు పేరు అదే. నన్ను కూడా ఆపండి."

ఇద్దరినీ ఆపేశారు.